పుట్టుకలో ఎక్కువ తక్కువలు లేవు: జె.బి.ఎస్. హాల్డేన్ జీవిత కథ



మొన్న మన ఘనపూర్‌లో సాయంత్రం పూట నలుగురం కూర్చున్నప్పుడు డిగ్రీ చదివే ఒక తమ్ముడు నన్నొక మాట అడిగిండు. బలమున్నోడే బతుకుతడు, లేనోడు పోతడు అని డార్విన్ చెప్పిండట గదా, అట్లయితే పైనున్న కులాలు పైన, కిందున్న కులాలు కింద ఉండుడు ప్రకృతి చట్టమేనా అని. కాలేజీలో ఎవరో అట్ల వాదించారట. వీడు జవాబు చెప్పలేక తల దించుకొని వచ్చిండట.

నేను బి.ఏ. చదివినోణ్ణి. ఆ పూట నేనూ గట్టిగా జవాబు చెప్పలేకపోయాను. అది తప్పు అని మాత్రం తెలుసు. ఎందుకు తప్పో చెప్పడానికి నా దగ్గర సరుకు లేదు. తర్వాత చదివాను, తెలిసినవాళ్ళను అడిగాను. జవాబు వెతుకుతూ పోతే ఒక మనిషి జీవితం దగ్గర ఆగాను. ఆ మనిషి పుట్టింది ఇంగ్లండ్‌లో. ఆయన ఎముకలున్నది మన కాకినాడలో. రాత్రి కాజీపేటలో గౌతమి ఎక్కితే తెల్లారేసరికి చేరే ఊరు. ఆయన పేరు జాన్ బర్డన్ శాండర్సన్ హాల్డేన్. అందరూ జె.బి.ఎస్. అని పిలిచేవారు.

ఆయన బౌద్ధుడేం కాదు. ఆయనను మన ఖాతాలో రాసుకోవాల్సిన పనీ లేదు. కానీ ఆయన బతికిన తీరు, చేసిన లెక్క రెండూ మన పిల్లలకు తెలిసుండాలి. అందుకే ఈ చిన్న పుస్తకం.

నాన్న వెంట గనిలోకి

హాల్డేన్ 1892 నవంబరు 5న ఆక్స్‌ఫర్డ్‌లో పుట్టాడు. తండ్రి జాన్ స్కాట్ హాల్డేన్ ఊపిరి గురించి పరిశోధించిన శాస్త్రవేత్త. బొగ్గు గనుల్లో కార్మికులు ఏ గాలి పీల్చి చచ్చిపోతున్నారో తెలుసుకోవడానికి ఆయన స్వయంగా గనుల్లోకి దిగేవాడు. విషవాయువు ఉందో లేదో ముందే తెలియడానికి గనిలోకి చిన్న పిట్టలను తీసుకుపోవాలని సలహా ఇచ్చింది ఆయనే. మనిషి కంటే ముందు పిట్ట సొమ్మసిల్లుతుంది, కార్మికుడు బయటపడతాడు. మన భూపాలపల్లిలో సింగరేణి గనుల్లోకి దిగే అన్నలకు, వాళ్ళ ఇంటోళ్ళకు ఆ భయమేందో వేరే చెప్పనక్కర లేదు.

ఆ తండ్రి కొడుకును చిన్నప్పుడే వెంట తీసుకుపోయాడు. ఒకసారి గనిలో మీథేన్ పేరుకున్న చోట పిల్లవాణ్ణి నిలబెట్టి, షేక్‌స్పియర్ నాటకంలోని ఒక ప్రసంగాన్ని గట్టిగా అప్పజెప్పమన్నాడు. కొంచెంసేపటికే పిల్లవాడి కాళ్ళు తేలిపోయాయి, కింద కూలబడ్డాడు. కింద పడ్డాక మళ్ళీ ఊపిరి ఆడింది. మీథేన్ గాలి కంటే తేలిక, అది పైన ఉంటుంది, నేల దగ్గర మంచి గాలి ఉంటుంది అనే పాఠం ఆ పిల్లవాడు పుస్తకం తెరవకుండానే నేర్చుకున్నాడు. ఈ రోజుల్లో ఏ తండ్రీ అట్ల చేయొద్దు. కానీ ఒక అలవాటు మాత్రం ఆ పిల్లవాడికి జీవితాంతం ఉండిపోయింది. ఎవరో చెప్పారని నమ్మకుండా, వేరే వాళ్ళ మీద పరీక్షించే ముందు తన మీద పరీక్షించుకోవడం.

ఇంకో విశేషం చూడండి. ఆక్స్‌ఫర్డ్‌లో ఆయన చదివింది గణితం, తర్వాత గ్రీకు, లాటిన్ సాహిత్యం, తత్వశాస్త్రం. సైన్సులో ఆయనకు డిగ్రీ పట్టా లేదు. ఆర్ట్స్ చదివినోళ్ళకు సైన్సు రాదని మనల్ని మనమే తక్కువ చేసుకునేటప్పుడు ఈ మాట గుర్తు పెట్టుకోండి.

మొదటి ప్రపంచ యుద్ధంలో సైన్యంలో చేరి ఫ్రాన్స్‌లో, మెసొపొటేమియాలో పోరాడాడు. గాయపడి కోలుకోవడానికి కొంతకాలం భారతదేశంలో ఉన్నాడు. 1915లో జర్మన్లు క్లోరిన్ వాయువు వదిలినప్పుడు, దాని నుంచి సైనికులను కాపాడే ముసుగుల పరీక్షల్లో తండ్రితో కలిసి ఆ వాయువును తానూ పీల్చాడు. అదే ఏడు, ఎలుకల్లో కొన్ని లక్షణాలు జంటగా తరతరాలకూ పోతాయని చూపిన వ్యాసం చెల్లెలు నవోమితో, స్నేహితుడు స్ప్రంట్‌తో కలిసి అచ్చు వేశాడు. అది అచ్చయ్యేసరికి ఆ స్నేహితుడు యుద్ధంలో చనిపోయి ఉన్నాడు.

డార్విన్‌కు దొరకని లెక్క

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. దీన్ని కొంచెం నిదానంగా చదవండి.

1858లో చార్లెస్ డార్విన్, ఆల్ఫ్రెడ్ వాలెస్ ఇద్దరూ ఒకే ఆలోచనను లోకం ముందు పెట్టారు. మరుసటి ఏడు 1859లో డార్విన్ పెద్ద పుస్తకం వచ్చింది. ఆ ఆలోచనలో మూడే మూడు మెట్లున్నాయి. ఒకటి, ఒకే జాతి ప్రాణుల్లో ఏ రెండూ అచ్చం ఒక్కలాగ ఉండవు. రెండు, ఆ తేడాల్లో కొన్ని పిల్లలకు వస్తాయి. మూడు, పుట్టినవన్నీ బతికి పిల్లల్ని కనలేవు, ఉన్న పరిస్థితికి కుదిరిన తేడా ఉన్నవి కొంచెం ఎక్కువ పిల్లల్ని మిగులుస్తాయి. ఇట్ల తరాల తరబడి జరిగితే జాతి మారిపోతుంది. దీన్నే ప్రకృతి వరణం అంటారు.

ఇందులో బలమున్నోడే బతకాలి అనే మాట ఎక్కడుంది? కుదిరినదే మిగులుతుంది అనే అర్థం వచ్చే ఆ నినాదాన్ని పుట్టించింది డార్విన్ కాదు. హెర్బర్ట్ స్పెన్సర్ అనే తత్వవేత్త 1864లో దాన్ని వాడాడు. డార్విన్ తర్వాత తన పుస్తకంలోకి తీసుకున్నాడు. కుదరడం అన్న మాటను బలం అని, డబ్బు అని, రంగు అని, కులం అని మార్చుకున్నది తర్వాతి వాళ్ళు, తమ అవసరం కోసం.

అయితే డార్విన్‌కు ఒక చిక్కు విడలేదు. తల్లిదండ్రుల లక్షణాలు పాలూ నీళ్ళూ కలిసినట్టు పిల్లల్లో కలిసిపోతే, కొత్తగా వచ్చిన మంచి తేడా రెండు మూడు తరాల్లో పలచబడి మాయం కావాలి గదా? దీనికి జవాబు గ్రెగర్ మెండెల్ అనే సన్యాసి బఠాణీ మొక్కల్లో కనిపెట్టి 1866లోనే అచ్చు వేశాడు. లక్షణాలను మోసేవి పాలూ నీళ్ళలా కలవవు, గింజల్లా విడివిడిగా ఉండి తరం నుంచి తరానికి పోతాయి. కానీ ఆ వ్యాసాన్ని 1900 దాకా ఎవరూ పట్టించుకోలేదు. పట్టించుకున్నాక కూడా మెండెల్ వాళ్ళకు, డార్విన్ వాళ్ళకు ఏళ్ళ తరబడి కొట్లాట నడిచింది.

ఆ రెండింటినీ లెక్కతో కలిపి కుట్టినవాళ్ళు ముగ్గురు. ఇంగ్లండ్‌లో ఆర్.ఎ. ఫిషర్, అమెరికాలో సూయల్ రైట్, ఇంకొకడు మన హాల్డేన్. హాల్డేన్ 1924 నుంచి వరసగా గణిత వ్యాసాలు రాశాడు. 1932లో పరిణామానికి కారణాల మీద ఆయన పుస్తకం వచ్చింది.

మొదటి వ్యాసంలోనే ఆయన ఒక రెక్కల పురుగు లెక్క తీశాడు. ఇంగ్లండ్‌లో చెట్ల బెరడు మీద వాలే ఒక చిమ్మట ఉంది. తెల్లటి ఒంటి మీద నల్ల చుక్కలు. 1848లో మాంచెస్టర్‌లో ఒక నల్ల చిమ్మట దొరికింది. తర్వాత యాభై ఏళ్ళలో ఫ్యాక్టరీ పొగకు బెరడు నల్లబడ్డ ఆ ప్రాంతంలో ఎక్కువ భాగం నల్లవే అయ్యాయి. ఇంత తొందరగా మారాలంటే తెల్లవి వంద మిగిలే చోట నల్లవి నూటయాభై దాకా మిగలాలని హాల్డేన్ కాగితం మీద తేల్చాడు. అంత తేడా ఉండదులే అని చాలామంది అనుకున్నారు. ముప్పై ఏళ్ళ తర్వాత, 1950లలో కెటిల్‌వెల్ అనే ఆయన అడవిలో చిమ్మటలను వదిలి లెక్కపెడితే, నిజంగానే పిట్టలు కనిపించే రంగు దాన్ని ఏరుకు తింటున్నాయని తేలింది. తర్వాత పొగ మీద చట్టాలొచ్చి గాలి శుభ్రపడ్డది. చిమ్మటలు మళ్ళీ తెల్లవయ్యాయి.

మరి నల్లది గొప్పదా, తెల్లది గొప్పదా? ఈ ప్రశ్నకు జవాబే లేదు. బెరడు ఏ రంగులో ఉందో చూడకుండా చెప్పలేం.

మన పత్తి చేలో అదే లెక్క

ఇంగ్లండ్ దాకా పోకున్నా దీన్ని మన చెలకలోనే చూడొచ్చు. 1997, 98లో ఉమ్మడి వరంగల్ జిల్లాలో పత్తి మీద లద్దె పురుగు పడ్డ సంగతి మీ ఇంట్లో పెద్దోళ్ళకు బాగా గుర్తుంటది. ఎంత మందు కొట్టినా పురుగు చావలేదు. అప్పులు పెరిగాయి. చివరికి అదే మందు తాగి రైతులు చచ్చిపోయారు. కొందరు కర్మ అన్నారు, కొందరు గ్రహాలన్నారు. నకిలీ మందులు కూడా ఒక కారణమే. కానీ నిఖార్సైన మందు కొట్టినా చావని పురుగు ఎట్లొచ్చింది?

లెక్క తేలిక కోసం ఇట్ల అనుకుందాం. చేలో వెయ్యి పురుగులున్నాయి. అందులో ఒక్కదానికి పుట్టుకతోనే మందును తట్టుకునే గుణం ఉంది. మిగతా 999కి లేదు. మందు కొడితే మామూలు పురుగుల్లో పదింటికి తొమ్మిది చస్తాయి, సుమారు వంద మిగులుతాయి. ఆ ఒక్కటి చావదు. ఇప్పుడది వందకు ఒకటి. అవి పిల్లలు పెడతాయి. మళ్ళీ కొడితే పదికి ఒకటి. మూడోసారి కొడితే సగానికి సగం తట్టుకునేవే. మందు ఆ గుణాన్ని పుట్టించలేదు. అది లేనివాటిని చంపి, ఉన్నదానికి చేనంతా ఖాళీ చేసి ఇచ్చింది.

బీటీ పత్తి 2002లో మన దేశానికి వచ్చింది. కాయలోకి దూరే గులాబీ రంగు పురుగు కొన్నేళ్ళకు దాన్నీ తట్టుకున్నది. కారణం ఇదే. చేను చుట్టూ మామూలు పత్తి వరసలు వేయమని విత్తనం ప్యాకెట్‌తోపాటు వేరే చిన్న ప్యాకెట్ ఇచ్చింది ఇందుకే. మామూలు పురుగులు కూడా కొన్ని బతికి, తట్టుకునేవాటితో జత కట్టి, ఆ గుణం తొందరగా పాకకుండా ఉండాలని. ఎందుకో వివరంగా చెప్పినోళ్ళు లేక మనోళ్ళు చాలామంది ఆ చిన్న ప్యాకెట్‌ను గట్టు మీద పడేశారు. సైన్సు తెలియకపోతే నష్టపోయేది పరీక్ష రాసే పిల్లలే కాదు మిత్రులారా, మన ఇండ్లలో శవాలు లేస్తాయి.

సికిల్ సెల్ నేర్పిన పాఠం

ఆ తమ్ముడి ప్రశ్నకు అసలు జవాబు ఇక్కడుంది.

తలసేమియా అనే రక్త జబ్బు మధ్యధరా తీర దేశాల్లో ఎక్కువ. పిల్లల ప్రాణం తీసే జన్యువు ఇన్ని తరాలు గడిచినా ఎందుకు పోలేదు? 1949లో హాల్డేన్ ఒక ఊహ చెప్పాడు. తల్లి నుంచి, తండ్రి నుంచి రెండు వైపులా ఆ జన్యువు వస్తే జబ్బు. ఒక వైపు నుంచే వస్తే ఆ మనిషి మలేరియాను బాగా తట్టుకుంటాడేమో. మలేరియా ఉన్న నేల మీద అది ఒకరిని చంపుతూనే ఇద్దరిని కాపాడుతుంటే, ప్రకృతి దాన్ని తీసేయదు గదా. 1954లో ఆంథోనీ అలిసన్ తూర్పు ఆఫ్రికాలో పరిశోధించి, సికిల్ సెల్ విషయంలో సరిగ్గా ఇదే జరుగుతున్నదని చూపాడు.

సికిల్ సెల్ మనకు దూరం సంగతి కాదు. మన దేశంలో అది మొదట 1952లో నీలగిరి గిరిజనుల్లో బయటపడ్డది. తర్వాత మధ్య భారతం అడవులు, గోదావరి లోయ అంతటా కనిపించింది. భూపాలపల్లి, మహబూబాబాద్ అడవి పల్లెల్లోని కోయ అన్నదమ్ములకు, అక్కచెల్లెండ్లకు అది తెలిసిన బాధే. ఎర్ర రక్తకణం గుండ్రంగా ఉండాల్సింది కొడవలిలా వంగుతుంది. సన్నటి రక్తనాళాల్లో ఇరుక్కుంటుంది. కీళ్ళు, కడుపు పట్టరాని నొప్పి. పిల్ల ఎదగదు, ఊరికే అలసిపోతుంది. ఊళ్ళో ఏమంటారు? పూర్వజన్మ పాపమంటారు, దేవర కోపమంటారు, చేతబడి అంటారు. ఆ తల్లిని నిందిస్తారు.

హాల్డేన్ ఆలోచన ప్రకారం చూడండి. ఆ పిల్ల చేసిన పాపం ఏమీ లేదు, ఆ తల్లి చేసిన తప్పు ఏమీ లేదు. దోమలున్న అడవిలో వాళ్ళ పూర్వీకుల పానాలు కాపాడిన గుణమే, రెండు వైపుల నుంచీ కలిసినప్పుడు జబ్బయ్యింది. మలేరియా లేని పట్నంలో అదే గుణం వల్ల లాభం లేదు. ఒకే జన్యువు ఒక చోట కవచం, ఒక చోట భారం. ఇట్లాంటప్పుడు ఫలానా రక్తం మంచిది, ఫలానా రక్తం చెడ్డది అని ఎవడైనా ఎట్ల చెప్తడు?

ప్రకృతి వరణం ఎవరినీ మెట్ల మీద నిలబెట్టదు. అది నేలకూ ప్రాణికీ మధ్య జరిగే లెక్క. నేల మారితే లెక్క మారుతుంది. కారణాలు కూడితే ఒకటి పుడుతుంది, కారణాలు పోతే అది పోతుంది అని మనం వందనం చేసి చదువుకునే ధమ్మంలో ఉన్నది కూడా ఇదే చూపు.

కులం సంగతి అంతకంటే స్పష్టం. వేలు, లక్షల తరాల మీద జరిగే మార్పు వేరు. భూమి, చదువు, నీళ్ళ బావి ఎవరికి దక్కాలో మనుషులు రాసుకున్న కట్టుబాటు వేరు. 1936లో బాబాసాహెబ్ కుల నిర్మూలన గ్రంథంలో, కులం రక్తశుద్ధిని కాపాడుతుందనే వాదనను ఆనాటి జన్యుశాస్త్రం ఆధారంగానే ఖండించారు. ఒక ప్రాంతంలోని బ్రాహ్మణుడూ దళితుడూ ఒకే జాతి మూలం వాళ్ళని చూపారు. హాల్డేన్ ఆ సమయంలోనే ఇంగ్లండ్‌లో ఇదే పోరాటం ఇంకో పక్క నుంచి చేస్తున్నాడు. హిట్లర్ పాలనలో జర్మనీ కొందరిని పనికిరాని రక్తమని ముద్ర వేసి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్లు చేస్తుంటే, 1938లో వారసత్వం, రాజకీయాల మీద పుస్తకం రాసి ఆ సిద్ధాంతం లెక్కకే నిలవదని చూపాడు. దాగి ఉండే జన్యువులు ఆరోగ్యంగా కనిపించే వాళ్ళలోనే ఎక్కువగా ఉంటాయి, కాబట్టి రోగులకు ఆపరేషన్ చేసినా జబ్బు పోదు. 1951లో యునెస్కో జాతుల మీద ప్రకటన తయారు చేసిన శాస్త్రవేత్తల్లో ఆయన కూడా ఒకడు.

తన ఒంటి మీదనే

కేంబ్రిడ్జిలో, తర్వాత లండన్ యూనివర్సిటీ కాలేజీలో ఆయన పని చేశాడు. రక్తంలో ఆమ్లం పెరిగితే ఏమవుతుందో చూడడానికి నీళ్ళలో కలిపిన ఆమ్లం తాగాడు. అమ్మోనియం క్లోరైడ్ తాగి రోజుల తరబడి ఆయాసపడ్డాడు. 1939 జూన్ 1న థెటిస్ అనే జలాంతర్గామి మునిగి 99 మంది చనిపోయారు. కార్మిక సంఘాలు అడిగితే, వాళ్ళెట్ల చనిపోయారో తెలుసుకోవడానికి హాల్డేన్ కొందరితో కలిసి ఇనుప గదిలో తలుపులు బిగించుకొని కూర్చున్నాడు. తర్వాత యుద్ధకాలంలో ఇట్లాంటి పరీక్షల్లోనే వెన్నుకు దెబ్బ తగిలింది. ఆ నొప్పి చచ్చేదాకా ఉంది.

కార్మికుల పత్రిక డైలీ వర్కర్‌లో సైన్సు గురించి మూడు వందలకు పైగా వ్యాసాలు రాశాడు. ఫ్యాక్టరీ మనిషికి అర్థం కాకపోతే రాసినవాడిదే తప్పు అన్నట్టు రాసేవాడు. భూమి మీద తొలి ప్రాణం పుట్టుక గురించి 1929లో ఆయన రాసిన చిన్న వ్యాసం ఈనాటికీ పేరున్నదే. ఏ దేవుడూ ఊదకుండానే, వేడి సముద్రాల్లో రసాయనాలు కూడి ప్రాణం మొదలైందని ఆయన, అంతకు ముందు రష్యాలో ఒపారిన్, విడివిడిగా ఆలోచించారు.

ఆయన పొరపాట్లు

మహనీయుల తప్పులు దాచి పూజించడం మన పద్ధతి కాదు. వయసులో ఉన్నప్పుడు మనుషుల్ని ఏరి మెరుగైన సంతానం పుట్టించవచ్చనే ఆలోచన వైపు ఆయన కూడా కొంత మొగ్గాడు. తర్వాత మార్చుకున్నాడు. ఇంకోటి పెద్దది. సోవియట్ దేశంలో లైసెంకో అనేవాడు మెండెల్ శాస్త్రం తప్పని, ప్రభుత్వం అండతో నిజమైన శాస్త్రవేత్తల నోరు మూయించాడు. హాల్డేన్‌ను 1928లో ఆ దేశానికి పిలిచిన గొప్ప వృక్ష శాస్త్రవేత్త వావిలోవ్ 1943లో జైల్లోనే చనిపోయాడు. కమ్యూనిస్టు పార్టీలో ఉన్న హాల్డేన్‌కు అది తప్పని తెలిసే అవకాశం అందరికంటే ఎక్కువ. అయినా కొన్నేళ్ళు గట్టిగా మాట్లాడలేదు, 1948లో కూడా కొంత వెనకేసుకొచ్చాడు. సుమారు 1950కి పార్టీకి దూరమయ్యాడు. మన వాళ్ళు తప్పు చేసినప్పుడు మాట్లాడడం ఎంత కష్టమో, మాట్లాడకపోతే ఎంత నష్టమో, సంఘాల్లో తిరిగే మనకు ఇది అద్దం.

మన దేశానికి రాక, మన పిల్లలతో పని

1956లో ఈజిప్టు మీద బ్రిటన్ దాడి చేయడం ఆయనకు నచ్చలేదు. 1957లో భార్య హెలెన్ స్పర్వేతో కలిసి భారతదేశం వచ్చేశాడు. కలకత్తాలో మహలనోబిస్ నడిపే ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో చేరాడు. కుర్తా పైజామా కట్టాడు, మాంసం మానేశాడు, భారత పౌరసత్వం తీసుకున్నాడు.

పెద్ద పెద్ద యంత్రాలు లేవని ఇక్కడి వాళ్ళు బాధపడుతుంటే, కండ్లు, కాగితం, ఓపిక ఉంటే చాలని ఆయన చూపించాడు. ఆయన దగ్గరి యువకులు పారిజాతం పూలకు రేకులెన్నో లెక్కపెట్టారు. కొబ్బరి చెట్లు ఎన్ని కుడివైపు మెలి తిరుగుతాయి, ఎన్ని ఎడమవైపు తిరుగుతాయి అని లెక్కపెట్టారు. రెండు రకాల వరిని వరస మార్చి వరస వేస్తే దిగుబడి ఎట్లుంటదో చూశారు. జంతువును చంపకుండా, హింసించకుండా చేసే జీవశాస్త్రం ఈ దేశానికి తగినదని ఆయన అభిప్రాయం.

వాళ్ళలో మన తెలుగు పిల్లవాడు ఒకడున్నాడు. పిఠాపురంలో పుట్టిన ద్రోణంరాజు కృష్ణారావు. లంటానా పూల మీద ఏ రంగు పువ్వుకు ఏ సీతాకోకచిలుక వాలుతుందో చూసి రాసిన వ్యాసం ప్రపంచ పత్రికలో వచ్చింది. చెవుల మీద వెంట్రుకలు తండ్రి నుంచి కొడుకులకే వస్తాయా అని తెలుగు కుటుంబాల్లో వంశవృక్షాలు తీశాడు. తర్వాతి కాలంలో డి.ఎన్.ఏ. పరీక్షలు ఆ అభిప్రాయానికి ఎదురుగా వచ్చాయి. సైన్సులో అది అవమానం కాదు, ముందు మెట్టు దాటడం.

మనకు ఇంకా దగ్గరి పని ఇంకోటి ఉంది. 1960ల మొదట్లో ద్రోణంరాజు, మీరాఖాన్ కలిసి ఆంధ్రప్రదేశ్‌లో మేనరికాల లెక్కలు తీశారు. మేనమామకు అక్క బిడ్డను ఇచ్చే పెండ్లి యూరప్‌లో దాదాపు లేదు, మన దగ్గర మామూలు. మామా కోడండ్లకు జన్యువుల్లో నాలుగో వంతు ఉమ్మడి. మేనబావ మరదండ్లకు ఎనిమిదో వంతు. ఇద్దరిలో దాగి ఉన్న ఒకే జబ్బు జన్యువు బిడ్డలో కలిసే అవకాశం అందుకే పెరుగుతుంది. పెండ్లి చేసుకున్న ప్రతి మేనరికానికీ జబ్బు పిల్లలు పుడతారని దీని అర్థం కాదు. తెలిసి నిర్ణయించుకోవాలని అర్థం.

చివరి పాఠం కాకినాడలో

కలకత్తా సంస్థతో విభేదాలొచ్చి 1961లో బయటికి వచ్చాడు. ఒడిశా ముఖ్యమంత్రి బిజూ పట్నాయక్ పిలిస్తే 1962లో భువనేశ్వర్ పోయి అక్కడ జన్యుశాస్త్ర ప్రయోగశాల పెట్టాడు. మరుసటి ఏడు క్యాన్సర్ బయటపడ్డది. లండన్‌లో ఆపరేషన్ అయ్యింది. ఆసుపత్రి మంచం మీద ఆయన చేసిన పనేమిటో తెలుసా? ఆ జబ్బు గురించి నవ్వుతాలుగా ఒక కవిత రాసి 1964లో పత్రికకు ఇచ్చాడు. భయపడి దాచుకోకుండా జనం తొందరగా డాక్టరు దగ్గరికి పోవాలని. 1964 డిసెంబరు 1న భువనేశ్వర్‌లో కన్ను మూశాడు.

శవాన్ని పూడ్చలేదు, కాల్చలేదు. ఆయన ముందే రాసిపెట్టిన ప్రకారం కాకినాడ రంగరాయ మెడికల్ కాలేజీకి పంపారు. 1958లో పెట్టిన కొత్త కాలేజీ అది. బతికినన్నాళ్ళూ తన ఒంటి మీద ప్రయోగాలు చేసుకున్న మనిషి, చనిపోయాక ఆ ఒళ్ళును డాక్టరు చదివే తెలుగు పిల్లల చేతుల్లో పెట్టాడు. ఆయన అస్థిపంజరం ఆ కాలేజీలో భద్రంగా ఉంది.

ఆ ఎముకలను చూస్తే ఆయన ఏ కులపోడో, ఏ దేశపోడో తెలుస్తుందా? అక్కడి విద్యార్థి దాంట్లో నేర్చుకునేది మన అందరి ఒంట్లో ఉన్న ఎముకల సంగతే.

మనం ఏం చేద్దాం

మిత్రులారా, చదివి పక్కన పెట్టకండి. చేతనైనవి మూడు చెప్తా.

మొదటిది సికిల్ సెల్, తలసేమియా పరీక్ష. 2023 జులైలో కేంద్రం మొదలుపెట్టిన సికిల్ సెల్ మిషన్‌లో మన తెలంగాణ కూడా ఉంది. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో అడగండి. పెండ్లికి ముందు ఇద్దరూ చేయించుకోవాలి. ఇద్దరూ వాహకులైతే ప్రతి కాన్పులో నాలుగింట ఒక వంతు జబ్బు బిడ్డ పుట్టే అవకాశం, సగం వంతు వాహకులు పుట్టే అవకాశం, ఒక వంతు ఏమీ లేని బిడ్డ పుట్టే అవకాశం ఉంటుంది. ఒక్కరే వాహకులైతే జబ్బు బిడ్డ పుట్టదు. వాహకులంటే రోగులు కాదు. వాళ్ళకు పిల్లనియ్యం, పిల్లను చేసుకోం అని ముద్ర వేస్తే మనమూ ఇంకో కులం తయారు చేసినట్టే. మేనరికం అనుకునే ఇండ్లలో ఈ పరీక్ష మరీ ముఖ్యం.

రెండోది, జబ్బు బిడ్డ ఉన్న ఇంటికి పొండి. ఆ తల్లికి ఇది నీ పాపం కాదని కూర్చొని చెప్పండి. మందు, నీళ్ళు, జ్వరం రాగానే ఆసుపత్రి, ఇవి ఎట్లో ఆశా అక్కతో కలిసి చూడండి.

మూడోది, మన పిల్లల చేతికి ఒక కాగితం, పెన్ను ఇచ్చి చేలోకి పంపండి. పత్తి కాయల్లో పురుగు ఎన్నింట ఉంది, ఎన్నింట లేదు, లెక్కపెట్టి రాయమనండి. హాల్డేన్ దగ్గర చదువు అట్లనే మొదలయ్యేది.

ఆ డిగ్రీ తమ్ముణ్ణి మొన్న మళ్ళీ పిలిచాను. పత్తి పురుగు లెక్క, సికిల్ సెల్ లెక్క రెండూ వాడితోనే కాగితం మీద వేయించాను. మళ్ళీ కాలేజీలో ఆ మాట వస్తే తల దించాల్సిన పని లేదన్నాను. వాడు ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకొని పోయిండు.

మీ ఇంట్లో, మీ వాడలో అట్లాంటి ప్రశ్న మోస్తున్న పిల్లలుంటే ఈ పుస్తకం వాళ్ళకియ్యండి.

భవతు సబ్బ మంగళం.